లెవోడోపా బిళ్ళ మెదడుకు చేరే దారి

ఐసీయూలో రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయిన రోగికి సెలైన్‌లో కలిపి ఎక్కించే మందుల్లో డోపమిన్ ఒకటి. అది గుండె కొట్టుకునే బలాన్ని పెంచుతుంది, మోతాదు ఎక్కువైన కొద్దీ రక్తనాళాలను బిగించి రక్తపోటును పైకి తెస్తుంది. ఆ రోగికి పార్కిన్‌సన్స్ వ్యాధి కూడా ఉందనుకుందాం. మెదడులో డోపమిన్ తగ్గిపోవడమే ఆ జబ్బుకు మూలమని చాలామంది వినే ఉంటారు. ఇక్కడ డోపమిన్ నేరుగా రక్తంలోకే, చుక్క చుక్కగా, గంటల తరబడి వెళ్తూ ఉంటుంది. అయినా ఆ మనిషి చేతి వణుకు పిసరంత కూడా తగ్గదు. లోపించిన పదార్థాన్నే ఇస్తున్నా లోపం ఎందుకు తీరడం లేదో అర్థమైతే, నాడీమండలం మీద పనిచేసే మందులను తయారుచేసేవారు ఏ చిక్కుతో తలపడతారో చాలా వరకు అర్థమైనట్టే. పార్కిన్‌సన్స్‌కు వాడే లెవోడోపా అనే ఒక్క మందును పట్టుకుని ఆ చిక్కును విప్పి చూపాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ మందునే ఎంచుకోవడానికి సొంత కారణమూ ఉంది. మా మేనమామగారు తొమ్మిదేళ్లుగా లెవోడోపా బిళ్ళలు వేసుకుంటున్నారు. మొదటి రెండేళ్లు ఉదయం బిళ్ళను టిఫిన్‌తో పాటే వేసుకునేవారు. ఇడ్లీ తిన్న రోజు ఒకలా, పెసరట్టు తిన్న రోజు మరోలా ఉండేది. పెసరట్టు తిన్న రోజున పది గంటలకైనా చొక్కా గుండీ పట్టుబడేది కాదు. జబ్బు ముదురుతోందని ఇంట్లో అందరం బెంగపడ్డాం. చివరికి ఒక వైద్యుడు బిళ్ళకూ టిఫిన్‌కూ మధ్య గంట ఎడం ఉంచమన్నారు, అంతే, గుండీలు మళ్లీ పట్టుబడ్డాయి. ఆ గంట ఎందుకో మాత్రం మాకెవరూ చెప్పలేదు. చెప్పదగిన కారణమే ఉంది, అది లెవోడోపా అణువు నిర్మాణంలోనే ఉంది.

ముందు జబ్బు గురించి కొంచెం. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ ఆరుగురు రోగులను గమనించి ఈ వ్యాధిని వర్ణించాడు. ఆయుర్వేదం కంపవాతం పేరుతో చెప్పే లక్షణాలు దీనికి దగ్గరగా ఉంటాయి. మధ్యమెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట, మామూలు కంటికే నల్లగా కనిపించే నాడీకణాల సమూహం ఉంటుంది. ఆ కణాలు తమ పొడవాటి తంతువులను స్ట్రయేటం అనే భాగంలోకి పంపి, అక్కడ డోపమిన్ విడుదల చేస్తాయి. ఒక కదలికను మొదలుపెట్టడానికి, దాని వేగాన్ని, పరిమాణాన్ని సరిచూసుకోవడానికి ఆ డోపమిన్ కావాలి. ఈ కణాలు ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా నశిస్తూ వస్తాయి. లక్షణాలు బయటపడే నాటికే స్ట్రయేటంలో డోపమిన్ సగానికి మించి తగ్గిపోయి ఉంటుంది. వణుకు ఒక్కటే లక్షణం కాదు. నడకలో చేయి ఊగకపోవడం, ముఖంలో కవళికలు తగ్గడం, రాస్తున్న కొద్దీ అక్షరాలు చిన్నవైపోవడం కూడా ఉంటాయి. మేనమామగారి జబ్బును మొదట పట్టించింది బ్యాంకులో సరిపోలని సంతకమే.

రక్తంలో ఉన్న డోపమిన్ స్ట్రయేటం దాకా ఎందుకు వెళ్లలేదంటే, మధ్యలో గోడ ఉంది. 1885లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిచ్ జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కించినప్పుడు శరీరమంతా రంగు పట్టినా మెదడు మాత్రం తెల్లగానే మిగిలింది. మెదడు కణజాలం ఆ రంగును పట్టుకోదేమో అని ఆయన అనుకున్నాడు. ఆయన దగ్గర పనిచేసిన ఎడ్విన్ గోల్డ్‌మాన్ 1913లో రంగును రక్తంలోకి కాకుండా మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించాడు. ఈసారి మెదడుకు రంగు పట్టింది, మిగతా శరీరానికి పట్టలేదు. అంటే రంగు పట్టకపోవడం మెదడు గుణం కాదు, రక్తానికీ మెదడుకూ మధ్య ఏదో అడ్డం ఉంది. ఇప్పుడు దాన్ని రక్త-మెదడు అవరోధం అంటున్నాం. మిగతా అవయవాల్లో సన్నని రక్తనాళాల గోడ కణాల మధ్య చిన్న చిన్న సందులు ఉంటాయి, మెదడులో ఆ కణాలు ఒకదానితో ఒకటి కుట్టేసినట్టు అతుక్కుని ఉంటాయి. సందుల్లోంచి జారిపోయే వీలు లేదు కాబట్టి లోపలికి వెళ్లదలచిన ఏ అణువైనా ఆ కణాల కొవ్వు పొరలను దాటి వెళ్లాలి, లేదా ఆ పొరల్లో ఉండే రవాణా ప్రోటీన్లు దాన్ని పట్టి లోపలికి చేర్చాలి.

కొవ్వు పొరను దాటాలంటే అణువు చిన్నదిగా ఉండాలి, నీటికంటే కొవ్వులో కరిగే స్వభావం ఉండాలి, విద్యుదావేశం మోయకూడదు, నీటి అణువులను అంటిపెట్టుకునే పరమాణువుల గుంపులు తక్కువగా ఉండాలి. మెదడు మందులను రూపొందించేవారు అణుభారం 450 లోపు ఉంచాలని, నీటితో హైడ్రోజన్ బంధాలు కట్టే చోట్లను వీలైనంత తగ్గించాలని చూసేది ఇందుకే. డోపమిన్ అణుభారం 153 మాత్రమే, పరిమాణం విషయంలో దానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ దాని బెంజీన్ వలయం మీద పక్కపక్కనే రెండు హైడ్రాక్సిల్ గుంపులు ఉన్నాయి. ఈ జంటను కేటకాల్ అంటారు, ఈ మాట ఇక ముందు చాలాసార్లు వస్తుంది. వలయానికి తగిలించిన చిన్న తోక చివర ఒక అమైన్ గుంపు ఉంది. రక్తపు ఆమ్లత్వ స్థాయిలో ఆ అమైన్ ఒక ప్రోటాన్‌ను తీసుకుని ధనావేశంతో ఉంటుంది. ఇటు కేటకాల్, అటు ఆవేశం, రెండూ నీటినే కోరుకుంటాయి. అలాంటి అణువు కొవ్వు పొరలోకి అడుగుపెట్టదు. డోపమిన్‌ను మోసుకెళ్లే రవాణా ప్రోటీన్ కూడా ఆ గోడలో లేదు.

లెవోడోపా సంగతి ఇక్కడే విచిత్రంగా ఉంటుంది. డోపమిన్ తోకకు ఒక కార్బాక్సిల్ గుంపు తగిలిస్తే అది లెవోడోపా. కార్బాక్సిల్ అంటే ఆమ్ల గుంపు, రక్తంలో అది రుణావేశం మోస్తుంది. అంటే లెవోడోపాలో కేటకాల్ ఉంది, ధనావేశం ఉంది, దానికి తోడు రుణావేశమూ ఉంది. పైన చెప్పిన లెక్క ప్రకారం ఇది డోపమిన్ కంటే అధ్వానం, గోడ దాటే ఆశ ఇంకా తక్కువ. అయినా దాటుతుంది. ఎందుకంటే ఒకే కార్బన్ మీద అమైన్, కార్బాక్సిల్ రెండూ ఉన్న అణువును మన శరీరం అమైనో ఆమ్లంగా గుర్తిస్తుంది. మెదడుకు అమైనో ఆమ్లాలు కావాలి, వాటిని లోపలికి చేర్చడానికి గోడలో ఎల్ఏటీ1 అనే రవాణా ప్రోటీన్ ఉంది. లూసిన్, ఫినైల్అలనిన్, టైరోసిన్ వంటి పెద్ద అమైనో ఆమ్లాలు ఆ ద్వారం గుండానే వెళ్తాయి. లెవోడోపా నిర్మాణంలో టైరోసిన్‌కు అచ్చం తమ్ముడిలాంటిది, ఒక్క హైడ్రాక్సిల్ మాత్రమే ఎక్కువ. ఆ పోలికే దాన్ని ద్వారం దాటిస్తుంది. లోపలికి వెళ్లాక మిగిలి ఉన్న నాడీకణాల్లోని డోపా డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ ఆ కార్బాక్సిల్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా తీసేస్తుంది, మిగిలేది డోపమిన్. లోపలికి వెళ్లడానికి అవసరమైన గుంపు లోపలికి వెళ్లగానే ఊడిపోతుంది. గమ్యం చేరాక అసలు మందుగా మారే ఇలాంటి పదార్థాలను పూర్వమందులు అనవచ్చు. లెవోడోపా కంటే అందమైన పూర్వమందు నాకు మరొకటి తెలియదు. దాన్ని మనిషి రూపొందించలేదు, ప్రకృతిలో ఉన్నదే.

ఎంత కాలంగా ఉన్నదో చూస్తే బాధ కలుగుతుంది. 1913లో బాసెల్‌లోని రోష్ సంస్థలో పనిచేసే మార్కుస్ గుగెన్‌హైమ్ ఒక రకం చిక్కుడు కాయల నుంచి లెవోడోపాను వేరుచేశాడు, రెండున్నర గ్రాములు తానే మింగి చూశాడు, తీవ్రంగా వాంతులయ్యాయి. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దూలగొండి గింజల నుంచి అదే పదార్థాన్ని వేరుచేసి ప్రకటించారు. తోటల గట్ల మీద, అడవి అంచుల్లో తీగలా అల్లుకుని, కాయ తగిలితే ఒళ్లంతా దురద పెట్టే దూలగొండిని ఎరగని పల్లెటూరి పిల్లలు ఉండరు. మద్రాసులో ఆ పని జరిగే నాటికి దాని విలువ అక్కడే కాదు, ప్రపంచంలో ఎక్కడా ఎవరికీ తెలియదు. మెదడులో డోపమిన్‌కు సొంతంగా ఒక పని ఉందని తెలియడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

అది తెలియడంలోనూ మన దేశపు మొక్క ఒకటి ఉంది. సర్పగంధ వేరును రక్తపోటుకు, మతిభ్రమకు వాడవచ్చని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ఆ వేరు రక్తపోటును తగ్గించే తీరును బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించాక ప్రపంచం దృష్టి దాని మీద పడింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా సంస్థ ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే రసాయనాన్ని వేరుచేసింది. నాడీకణాలు తాము తయారుచేసిన డోపమిన్ వంటి పదార్థాలను చిన్న చిన్న తిత్తుల్లో దాచుకుంటాయి, రిసర్పిన్ ఆ తిత్తుల్లోకి నింపే పంపును ఆపేస్తుంది, నిల్వ ఖాళీ అవుతుంది. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. అవి చెవులు వాల్చి, కదలక మెదలక కూర్చుండిపోయాయి. వాటికి డోపా ఎక్కించగానే కాసేపటికి చెవులు నిక్కబొడుచుకుని తిరగసాగాయి. ఈ పనికి ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. 1960లో వియన్నాలో ఒలే హార్నికీవిట్జ్, ఆయన సహచరుడు హెర్బర్ట్ ఎరింగర్ పార్కిన్‌సన్స్‌తో చనిపోయినవారి మెదళ్లను పరీక్షించారు. డోపమిన్ ఉంటే గులాబీ రంగు వచ్చే పరీక్ష అది. ఆరోగ్యవంతుల స్ట్రయేటం నుంచి తీసిన ద్రావణం గులాబీ రంగుకు తిరిగింది, రోగుల ద్రావణంలో రంగు రాలేదనే చెప్పాలి. మరుసటి ఏడాది వియన్నాలోనే వాల్టర్ బిర్క్‌మయర్ రోగులకు లెవోడోపాను సూదిమందుగా ఇచ్చాడు. మంచం మీంచి లేవలేనివారు లేచి నడిచారు. కొన్ని గంటల తర్వాత మళ్లీ పడుకున్నారు.

నోటి ద్వారా వాడే మందుగా నిలబెట్టినవాడు న్యూయార్క్ దగ్గరి బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో పనిచేసిన జార్జ్ కోట్జియాస్. ఆయన 1967లో చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టి, వారాల తరబడి ఓపికగా పెంచుతూ, రోజుకు గ్రాముల లెక్కలోకి తీసుకెళ్లాడు. అయితే ఆయన మొదట వాడింది ఎల్, డి అనే రెండు రూపాలూ కలిసిన డోపా. ఈ రెండింటిలో అణువులు ఒకటే, అమరిక మాత్రం కుడిచేయి ఎడమచేయిలా అద్దంలో ప్రతిబింబం. మన ఎంజైమ్‌కు సరిపోయేది ఎల్ రూపం ఒక్కటే. డి రూపం వల్ల ఉపయోగం లేదు సరికదా, కొందరు రోగుల్లో తెల్ల రక్తకణాలు తగ్గాయి. శుద్ధమైన ఎల్ రూపానికి మారాక మోతాదు బాగా తగ్గింది, ఆ ఇబ్బందీ పోయింది. కానీ మామూలు రసాయన చర్యలో రెండు రూపాలూ సగం సగం తయారవుతాయి, సగం సరుకు వృథా. అమెరికాలోని మోన్‌సాంటో సంస్థలో విలియం నోల్స్ రోడియం లోహానికి ఒక ప్రత్యేకమైన ఫాస్ఫిన్‌ను జతచేసి, దాదాపు ఎల్ రూపమే వచ్చేలా హైడ్రోజన్‌ను చేర్చే పద్ధతిని కనిపెట్టాడు. ఒకే చేతివాటం అణువులను ఉత్ప్రేరకంతో పరిశ్రమ స్థాయిలో తయారుచేయడంలో అది తొలి అడుగు, దానికి 2001లో నోబెల్ వచ్చింది. ఒక్క లెవోడోపా కథలో రెండు నోబెల్ బహుమతులున్నాయి.

ఇంత చేసినా ఒక పెద్ద సమస్య మిగిలింది. డోపా డీకార్బాక్సిలేజ్ మెదడులోనే కాదు, పేగుల్లో, కాలేయంలో, మూత్రపిండాల్లో, రక్తనాళాల గోడల్లో కూడా ఉంది. మింగిన లెవోడోపా మెదడు గుమ్మం చేరేలోపే చాలా భాగం డోపమిన్‌గా మారిపోతుంది, మారినది ఇక గోడ దాటదు. ఒంటరిగా ఇచ్చిన లెవోడోపాలో నూటికి ఒకటి రెండు పాళ్లకు మించి మెదడుకు చేరదు. బయటే తయారైన డోపమిన్ ఊరకే ఉండదు, గుండె లయను కదుపుతుంది, రక్తపోటును మారుస్తుంది. అన్నిటికంటే బాధాకరం వాంతులు. వాంతులను ప్రేరేపించే చిన్న కేంద్రం మెదడు కాండం దగ్గర, అవరోధానికి వెలుపల ఉంది, రక్తంలో ఏ విషం ఉన్నా పసిగట్టడానికి దానికి గోడ లేదు. గుగెన్‌హైమ్‌కు వాంతులైంది ఇందుకే.

దీనికి విరుగుడు కార్బిడోపా. ఎంజైమ్‌ను ఆపే మందు కావాలి, కానీ మెదడులోని ఎంజైమ్‌ను ఆపకూడదు, ఆపితే లెవోడోపా అక్కడ డోపమిన్ కాలేదు. అంటే గోడ దాటని మందు కావాలి. మెదడు మందుల రసాయనంలో అందరూ గోడ దాటించడానికి తంటాలు పడతారు, ఇక్కడ దాటకుండా చూడడమే పని. కార్బిడోపా నిర్మాణం లెవోడోపాకు చాలా దగ్గర, రెండే మార్పులు. అమైన్ ఉన్న చోట రెండు నైట్రోజన్‌ల హైడ్రజీన్ గుంపు వచ్చింది, అదే కార్బన్ మీద ఒక మిథైల్ గుంపు చేరింది. డీకార్బాక్సిలేజ్ పనిచేయాలంటే బి6 విటమిన్ నుంచి వచ్చిన సహాయక అణువు కావాలి. హైడ్రజీన్ ఆ సహాయక అణువును గట్టిగా పట్టుకుని ఎంజైమ్‌ను నిలిపేస్తుంది. మారిన ఈ ఆకారంతో కార్బిడోపా అవరోధాన్ని దాటలేదు, బయటే ఉండిపోతుంది. ఈ జోడీ వల్ల లెవోడోపా మోతాదు దాదాపు నాలుగింట మూడు వంతులు తగ్గించగలిగారు, రక్తంలో దాని అర్ధాయుష్షు, అంటే ఉన్నది సగానికి తగ్గడానికి పట్టే కాలం, 50 నిమిషాల నుంచి గంటన్నరకు పెరిగింది. ఐరోపాలో ఇదే పనికి బెన్సెరజైడ్ ఎక్కువగా వాడతారు.

హైడ్రజీన్ లేకుండా మిథైల్ ఒక్కటే చేరిస్తే ఏమవుతుందో కూడా చూడదగ్గదే. అది మిథైల్‌డోపా. గర్భిణులకు రక్తపోటు పెరిగితే మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఇచ్చే బిళ్ళ ఇదే. దానికి అమైనో ఆమ్లం రూపం చెక్కుచెదరలేదు కాబట్టి ఎల్ఏటీ1 ద్వారం దాని కోసం తెరుచుకుంటుంది. లోపలికి వెళ్లి మిథైల్ నార్ఎపినెఫ్రిన్‌గా మారి, రక్తపోటును నడిపించే మెదడు కాండం కేంద్రాలను శాంతింపజేస్తుంది. లెవోడోపా, మిథైల్‌డోపా, కార్బిడోపా ఒకే తల్లి బిడ్డల్లాంటి అణువులు. ఒకటి లోపలికి వెళ్లి కదలికను ఇస్తుంది, రెండోది లోపలికి వెళ్లి రక్తపోటు తగ్గిస్తుంది, మూడోది బయటే ఉండి మొదటిదానికి దారి కాస్తుంది. తేడా ఒకటి రెండు చిన్న గుంపుల్లోనే ఉంది.

మందుల షాపులో దొరికే లెవోడోపా బిళ్ళల స్ట్రిప్ మీద ఉండే అంకెలకు అర్థం ఇప్పుడు చెప్పుకోవచ్చు. 110 అంటే లెవోడోపా 100 మిల్లీగ్రాములు, కార్బిడోపా 10. 275 అంటే 250, 25. 100కు 25 కలిపినవి కూడా దొరుకుతాయి. శరీరంలో మెదడు బయట ఉన్న ఎంజైమ్‌ను పూర్తిగా ఆపడానికి రోజుకు సుమారు 70 నుంచి 100 మిల్లీగ్రాముల కార్బిడోపా కావాలి. 110 బిళ్ళ రోజుకు మూడు వేసుకునేవారికి 30 మిల్లీగ్రాములే అందుతుంది, 100కు 25 ఉన్న బిళ్ళ మూడు వేసుకునేవారికి 75 అందుతుంది. రెండింటిలో లెవోడోపా ఒకటే. మొదట్లో కడుపులో వికారం తట్టుకోలేక మందే మానేసేవారు ఉన్నారు, ఈ తేడాను వైద్యుడితో మాట్లాడి సరిచేసుకుంటే చాలామందికి ఆ అవసరం రాదు. మోతాదును సొంతంగా మార్చుకోవడం మాత్రం తగదు, లెవోడోపాను ఉన్నట్టుండి ఆపడం ప్రాణం మీదికి తేవచ్చు.

ఇక పెసరట్టు సంగతి. పెసరపప్పులోని ప్రోటీన్ అరిగి అమైనో ఆమ్లాలుగా మారుతుంది. లెవోడోపా చిన్నపేగు మొదటి భాగంలో శరీరంలోకి పీల్చబడేది అమైనో ఆమ్లాల రవాణా ప్రోటీన్ల ద్వారానే, మెదడులోకి వెళ్లేదీ ఎల్ఏటీ1 ద్వారానే. టిఫిన్ ముగిసిన గంటకు రక్తంలో లూసిన్, వాలిన్, ఫినైల్అలనిన్ పోటెత్తి ఉంటాయి, అన్నీ ఆ ఒక్క ద్వారం దగ్గరే గుమికూడతాయి. రక్తంలో లెవోడోపా సరిపడా ఉన్నా అది వరుసలో వెనకబడిపోతుంది. దీనికి తోడు కడుపు నిండుగా ఉంటే బిళ్ళ పేగులోకి దిగడమే ఆలస్యం. పోలిక వల్ల ద్వారం దాటే అణువుకు ఆ పోలికే ఇబ్బంది కూడా తెచ్చిపెట్టింది. అందుకే బిళ్ళ తిండికి అరగంట నుంచి గంట ముందు, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలంటారు. జబ్బు ముదిరినవారికి పప్పు, గుడ్డు, మాంసం, పాలపదార్థాలను రాత్రి భోజనానికి మార్చమని వైద్యులు చెప్పేదీ ఇందుకే. ప్రోటీన్ మానేయమని ఎవరూ చెప్పరు, మానేస్తే కండ కరిగిపోతుంది, దాని వేళను మాత్రమే మార్చాలి.

ఐరన్ బిళ్ళలది వేరే కారణం. కేటకాల్‌లోని ఆ రెండు హైడ్రాక్సిల్‌లు పక్కపక్కన ఉండడం వల్ల ఇనుప అయాన్‌ను పటకారులా పట్టుకుంటాయి, పట్టుకున్న లెవోడోపా పేగు గోడ దాటదు. రక్తహీనత ఉన్న పెద్దవారికి రెండు మందులూ రాస్తారు, రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టి ఒకే గుక్కతో మింగించే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. రెండింటి మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉంచడం మంచిది. పేగుల్లో ఉండే కొన్ని బాక్టీరియాలు కూడా లెవోడోపాను డోపమిన్‌గా మార్చేస్తాయని, వాటి ఎంజైమ్‌ను కార్బిడోపా సరిగా ఆపలేదని 2019లో తేలింది. ఒకే మోతాదుకు ఒక్కొక్కరు ఒక్కోలా స్పందించడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

కార్బిడోపా ఒక దారి మూసేసరికి శరీరం మరో దారి పట్టింది. కామ్ట్ అనే ఎంజైమ్ కేటకాల్‌లోని ఒక హైడ్రాక్సిల్‌కు మిథైల్ తగిలిస్తుంది, అలా తయారైన పదార్థం పనికిరాదు, పైగా సుమారు 15 గంటల అర్ధాయుష్షుతో రక్తంలో నిలిచి ఎల్ఏటీ1 దగ్గర లెవోడోపాకే పోటీ పడుతుంది. దాన్ని ఆపడానికి వచ్చినవి ఎంటకపోన్, టోల్కపోన్. వీటిలోనూ కేటకాల్ ఉంది, ఎంజైమ్ దాన్ని చూసే మోసపోతుంది. వలయం మీద చేర్చిన నైట్రో గుంపు ఆ కేటకాల్ స్వభావాన్ని మార్చడంతో ఎంజైమ్ పట్టుకుంటుందే తప్ప పని పూర్తిచేయలేదు. ఎంటకపోన్ మెదడు బయటే పనిచేస్తుంది, మూత్రానికి నారింజ గోధుమ రంగు తెస్తుంది, అది చూసి కంగారు పడనక్కర్లేదు. టోల్కపోన్ మెదడులోకీ వెళ్తుంది, ఎక్కువ సమర్థం, కానీ కాలేయం దెబ్బతిని కొందరు చనిపోవడంతో 1998లో ఐరోపాలో దాన్ని ఆపేసి, తర్వాత గట్టి షరతులతో మళ్లీ అనుమతించారు.

మెదడు లోపల డోపమిన్‌ను విరిచే ఎంజైమ్ ఎంఏఓ-బి. సెలెజిలిన్, రసజిలిన్ దాన్ని ఆపుతాయి. రెండింటిలోనూ ప్రొపార్జిల్ అనే మూడు కార్బన్‌ల తోక ఉంది, అదే ఎంజైమ్‌తో విడిపోని బంధం కట్టేస్తుంది. సెలెజిలిన్ శరీరంలో విరిగి ఆంఫెటమిన్ జాతి పదార్థాలుగా మారుతుంది, నిద్ర పట్టకపోవడానికి అది కారణం కావచ్చు. రసజిలిన్ నిర్మాణంలో ఆ అవకాశం లేదు. ఇదే ఎంజైమ్ ఒక విషాదానికీ కారణమైంది. 1982లో కాలిఫోర్నియాలో కొందరు యువకులు దొంగచాటుగా తయారైన మత్తుమందు వాడి, కొద్ది రోజుల్లోనే ముదిరిన పార్కిన్‌సన్స్ రోగుల్లా కొయ్యబారిపోయారు. అందులో కల్తీగా చేరిన ఎంపీటీపీ కొవ్వులో తేలిగ్గా కరుగుతుంది, గోడను అవలీలగా దాటుతుంది. లోపల ఎంఏఓ-బి దాన్ని ఆవేశం గల విషంగా మారుస్తుంది, డోపమిన్‌ను తిరిగి లోనికి పీల్చుకునే పంపు ఆ విషాన్ని డోపమిన్ అనుకుని సరిగ్గా సబ్‌స్టాన్షియా నైగ్రా కణాల్లోకే చేరుస్తుంది. వారికి కూడా లెవోడోపా పనిచేసింది.

గోడ దాటడం, దాటకపోవడం అనే ఈ తేడా రోజువారీ వైద్యంలో ఎంత ముఖ్యమో వాంతుల బిళ్ళలు చూపిస్తాయి. మెటోక్లోప్రమైడ్, డోంపెరిడోన్ రెండూ డోపమిన్ గ్రాహకాలను, అంటే కణాల మీద డోపమిన్ వచ్చి అతుక్కునే ప్రోటీన్లను, అడ్డుకునే మందులే. మెటోక్లోప్రమైడ్ మెదడులోకి వెళ్లి స్ట్రయేటంలోనూ అడ్డుకుంటుంది, పార్కిన్‌సన్స్ రోగికి అది ఇస్తే ఒళ్లు బిగుసుకుపోతుంది. డోంపెరిడోన్ గోడలోకి చొరబడబోతే పీ-గ్లైకోప్రోటీన్ అనే మరో పంపు దాన్ని తిరిగి రక్తంలోకి నెట్టేస్తుంది. వాంతుల కేంద్రం గోడ బయటే ఉంది కాబట్టి దాని పని అది చేస్తుంది, వణుకు పెంచదు. గుండె లయ సమస్యలు ఉన్నవారికి మాత్రం జాగ్రత్త అవసరం. తల తిరుగుడుకు నెలల తరబడి వాడే సినరిజిన్, పార్శ్వపు నొప్పికి వాడే ఫ్లునారిజిన్ కూడా పెద్దవారిలో పార్కిన్‌సన్స్ లాంటి లక్షణాలు తెస్తాయి, మందు ఆపితే చాలామందిలో అవి తగ్గిపోతాయి. వణుకుతో వచ్చిన రోగి మందుల చీటీలను ముందుగా చూడాలనేది ఇందుకే.

దూలగొండి పొడి గురించి చాలామంది అడుగుతారు, కపికచ్చు పేరుతో అది విరివిగా అమ్ముడవుతోంది. అందులో ఉన్నది నిజమైన లెవోడోపాయే, గింజ బరువులో సుమారు 4 నుంచి 6 శాతం దాకా ఉంటుంది. కాబట్టి అది పనిచేయదని చెప్పడం అబద్ధం. కానీ గింజకూ గింజకూ మోతాదు మారుతుంది, కార్బిడోపా ఉండదు. బిళ్ళలు వేసుకుంటూ దాన్ని కూడా తీసుకుంటే, వైద్యుడికి తెలియని లెవోడోపా లెక్కలో చేరినట్టే. అప్పుడు రక్తపోటు పడిపోవడం, భ్రమలు, అదుపులేని కదలికలు దేనివల్ల వచ్చాయో ఎవరూ చెప్పలేరు. సహజమైనదని చెప్పి దాచకుండా, వేసుకుంటున్నామని వైద్యుడికి చెప్పితీరాలి.

ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు మరో తోవ తొక్కాయి. వీటిలో కేటకాల్ తీసేసి దాని స్థానంలో అదే పని చేయగల వేరే వలయాలు పెట్టారు, కాబట్టి కామ్ట్ వీటిని ముట్టుకోదు, డీకార్బాక్సిలేజ్ అవసరమే లేదు, గోడను సొంతంగా దాటి గ్రాహకాల మీద నేరుగా పనిచేస్తాయి. ఎక్కువసేపు నిలుస్తాయి. అయితే జూదం, విపరీతమైన కొనుగోళ్లు వంటి అదుపు తప్పిన కోరికలు కొందరిలో తలెత్తుతాయి, ఇంట్లోవాళ్లు సిగ్గుపడి దాచే విషయం ఇది, దాచకూడదు. బలంలో లెవోడోపాకు ఇవి సాటిరావు.

లెవోడోపాకు ఉన్న అసలు పరిమితి దాని నిర్మాణంలో లేదు, మిగిలి ఉన్న కణాల సంఖ్యలో ఉంది. మొదటి ఏళ్లలో బతికి ఉన్న కణాలు వచ్చిన డోపమిన్‌ను తిత్తుల్లో దాచి నెమ్మదిగా వదులుతాయి, కాబట్టి రోజుకు మూడు బిళ్ళలు చాలు. కణాలు తగ్గిన కొద్దీ దాచే చోటు తగ్గుతుంది, బిళ్ళ వేసుకున్న గంటకు డోపమిన్ ఉప్పెనలా వచ్చి, మూడు గంటలకు ఇంకిపోతుంది. ఉప్పెనలో ఒళ్లు దానంతటదే మెలికలు తిరుగుతుంది, ఇంకాక కాలు నేలకు అతుక్కుపోతుంది. మేనమామగారికి ఇప్పుడు రోజుకు ఐదు బిళ్ళలు, ఫోన్‌లో ఐదు అలారాలు. మందును రోజంతా సన్నని ధారలా అందిస్తే ఈ ఎగుడుదిగుళ్లు తగ్గుతాయి, కానీ లెవోడోపా నీటిలో సరిగా కరగదు, చర్మం కింద చిన్న పంపుతో ఎక్కించేంత చిక్కని ద్రావణం తయారు కాదు. దీనికి లెవోడోపా మీద, కార్బిడోపా మీద ఒక్కో ఫాస్ఫేట్ గుంపు తగిలించారు. ఆవేశం నిండిన ఆ గుంపు వల్ల అవి నీటిలో ఎంతైనా కరుగుతాయి, చర్మం కిందికి చేరాక శరీరంలోని ఫాస్ఫటేజ్ ఎంజైమ్‌లు ఆ గుంపును విడదీస్తాయి. ఫాస్‌లెవోడోపా, ఫాస్‌కార్బిడోపా అనే ఈ జంటను 24 గంటలూ నడిచే పంపుతో వాడడానికి అమెరికాలో 2024 అక్టోబరులో అనుమతి వచ్చింది. పేగును తప్పించుకోవడంతో ఐరన్ బిళ్ళ, ఆలస్యంగా ఖాళీ అయ్యే కడుపు, పేగు బాక్టీరియా ఇక అడ్డురావు. ఎల్ఏటీ1 ద్వారం మాత్రం అదే, అక్కడ పెసరట్టుతో పోటీ ఇంకా ఉంది.